మహాధమనుల తారుమారు: లోపం రకాన్ని బట్టి శిశువుకు గడువు

తల్లి గర్భంలో ఏ ఇబ్బందీ లేకుండా ఎదిగి, నిండు బరువుతో పుట్టి, గట్టిగా ఏడ్చిన శిశువు కొన్ని గంటల్లోనే నీలిరంగుకు తిరగడానికి కారణమయ్యే గుండె లోపాల్లో ముఖ్యమైనది మహాధమనుల తారుమారు. వైద్యులు దీనిని ట్రాన్స్‌పొజిషన్ ఆఫ్ ది గ్రేట్ ఆర్టరీస్ అనీ, క్లుప్తంగా టీజీఏ అనీ వ్యవహరిస్తారు. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు ఒకదాని స్థానంలో మరొకటి ఏర్పడటం దీని లక్షణం. సుమారు 3,500 నుంచి 5,000 జననాలకు ఒకటి చొప్పున ఇది కనిపిస్తుంది. పుట్టుకతో వచ్చే గుండె లోపాలన్నిటిలో దీని వాటా 5 నుంచి 7 శాతం. ఆడశిశువుల కంటే మగశిశువుల్లో ఇది ఎక్కువ.

చికిత్స అందకపోతే ఈ శిశువుల్లో దాదాపు 30 శాతం మంది మొదటి వారంలోనే, సగం మంది మొదటి నెలలోనే, 90 శాతం మంది ఏడాది నిండేలోపే మరణిస్తారు. సకాలంలో శస్త్రచికిత్స జరిగితే, అనుభవమున్న కేంద్రాల్లో 95 శాతానికి పైగా బతికి బయటపడుతున్నారు. ఈ రెండు స్థితుల మధ్య అంతరాన్ని ప్రధానంగా నిర్ణయించేది కాలం. ఏ శిశువుకు ఎంత గడువుందో తెలిపేది ఆ లోపం ఏ రకానికి చెందినదన్న వర్గీకరణ. శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వంటి ప్రాంతంలో ఈ వర్గీకరణకు మరింత ప్రాధాన్యం ఉంది.

రక్తం నడిచే దారి

గుండెకు నాలుగు గదులు. పై రెండింటిని కర్ణికలని, కింది రెండింటిని జఠరికలని అంటారు. శరీరమంతా తిరిగి ప్రాణవాయువును కోల్పోయిన రక్తం కుడి కర్ణికకు చేరి, కుడి జఠరికలోకి దిగి, పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ ప్రాణవాయువును నింపుకుని ఎడమ కర్ణికకు తిరిగివచ్చి, ఎడమ జఠరికలోకి దిగి, బృహద్ధమని ద్వారా శరీరానికి ప్రవహిస్తుంది. ఊపిరితిత్తుల ప్రయాణం ముగిసిన చోటే శరీర ప్రయాణం మొదలవుతుంది.

మహాధమనులు తారుమారైన గుండెలో బృహద్ధమని కుడి జఠరిక నుంచి, పుపుస ధమని ఎడమ జఠరిక నుంచి బయలుదేరతాయి. ఫలితంగా శరీరం నుంచి వచ్చిన చెడు రక్తం ఊపిరితిత్తులకు చేరకుండానే మళ్ళీ శరీరానికి వెళుతుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం మళ్ళీ ఊపిరితిత్తులకే వెళుతుంది. రెండు వలయాలూ పక్కపక్కనే తిరుగుతూ ఉంటాయి కానీ కలవవు.

గర్భంలో ఉన్నంతకాలం ప్రాణవాయువును మాయ అందిస్తుంది కాబట్టి ఈ లోపం బయటపడదు. పుట్టిన తరువాత శిశువును బతికించేవి రెండు సహజ మార్గాలు. కర్ణికల మధ్య గోడలో ఉండే ఫొరామెన్ ఓవేల్ అనే రంధ్రం మొదటిది. రెండు మహాధమనులను కలిపే డక్టస్ ఆర్టీరియోసస్ అనే నాళం రెండవది. వీటి ద్వారా మంచి, చెడు రక్తాలు కొంత మేరకు కలుస్తాయి. ఆరోగ్యవంతమైన శిశువులో ఈ నాళం మొదటి రెండు మూడు రోజుల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. అది మూసుకునేకొద్దీ ఈ లోపమున్న శిశువుకు ప్రాణవాయువు అందే దారి సన్నబడుతుంది.

పేరు పుట్టిన క్రమం

లండన్‌లో పనిచేసిన స్కాట్లాండ్ వైద్యుడు మాథ్యూ బెయిలీ 1797లో ఈ లోపాన్ని తొలిసారి వర్ణించారు. 1814లో జాన్ ఫారే దీనికి ‘ట్రాన్స్‌పొజిషన్’ అన్న మాటను వాడారు. వియన్నాకు చెందిన కార్ల్ వాన్ రోకిటాన్‌స్కీ 1875లో మరో విచిత్రమైన గుండెను వర్ణించారు. అందులో ధమనులు తారుమారయ్యాయి, వాటితోపాటు జఠరికలూ తారుమారయ్యాయి. రెండు తప్పులు ఒకదానినొకటి సరిచేసుకోవడంతో రక్తం చేరవలసిన చోటికే చేరుతోంది. నేటికీ ప్రధాన వర్గీకరణ ఈ రెండు రూపాల మీదనే నిలిచి ఉంది.

మొదటిది సంపూర్ణ తారుమారు. దీనికి డి-టీజీఏ అన్న పేరు ప్రచారంలో ఉంది. లాటిన్‌లో కుడి అని అర్థమిచ్చే ‘డెక్స్‌ట్రో’ నుంచి ‘డి’ వచ్చింది. నవజాత శిశువును నీలిరంగుకు తిప్పేది, అత్యవసర చికిత్స కోరేది ఇదే.

రెండవది సహజంగా సరిదిద్దుకున్న తారుమారు. ఎడమ అని అర్థమిచ్చే ‘లీవో’ నుంచి వచ్చిన అక్షరంతో దీనిని ఎల్-టీజీఏ అంటారు. ఇది చాలా అరుదు. సుమారు 33,000 జననాలకు ఒకటిగా దీనిని అంచనా వేస్తారు. ఇతర లోపాలేవీ తోడుగా లేకపోతే ఈ శిశువు నీలిరంగుకు తిరగదు. కొందరిలో నడివయసు దాకా ఇది బయటపడదు. అయితే ఊపిరితిత్తులకు రక్తం పంపడానికి రూపొందిన కుడి జఠరిక జీవితాంతం శరీరమంతటి భారాన్ని మోయవలసి వస్తుంది. కాలక్రమంలో అది బలహీనపడవచ్చు. ట్రైకస్పిడ్ కవాటం లీక్ కావచ్చు. గుండె లయను నడిపే విద్యుత్ మార్గం దెబ్బతిని పేస్‌మేకర్ అవసరం కావచ్చు. అందువల్ల ‘సరిదిద్దుకున్న’ అన్న మాటను చూసి జబ్బు నయమైందని భావించరాదు.

అక్షరాలా, అనుసంధానాలా?

‘డి’, ‘ఎల్’ అక్షరాలతోనే వర్గీకరణ ముగిసిపోతే చిక్కులు వస్తాయని వైద్యులు త్వరలోనే గ్రహించారు. బోస్టన్‌కు చెందిన రిచర్డ్ వాన్ ప్రాగ్, స్టెల్లా వాన్ ప్రాగ్ దంపతులు గుండెను మూడు అంచెలుగా చదివే పద్ధతిని రూపొందించారు. ప్రతి అంచెకూ ఒక అక్షరం. మొదటి అక్షరం కర్ణికలు, ఉదర అవయవాలు సహజ స్థానంలో ఉన్నాయో లేదో చెబుతుంది. రెండవ అక్షరం పిండదశలో గుండె గొట్టం ఏ పక్కకు వంగిందో, అంటే జఠరికలు ఏ వైపు ఉన్నాయో తెలుపుతుంది. మూడవ అక్షరం బృహద్ధమని పుపుస ధమనికి ఏ పక్కన ఉందో తెలుపుతుంది. ఈ పద్ధతిలో సాధారణ సంపూర్ణ తారుమారు ‘ఎస్, డి, డి’ అవుతుంది. సరిదిద్దుకున్న తారుమారు ‘ఎస్, ఎల్, ఎల్’ అవుతుంది.

చిక్కు ‘ఎస్, డి, ఎల్’ వంటి గుండెలో ఎదురవుతుంది. అందులో బృహద్ధమని ఎడమ పక్కన ఉంటుంది. అయినా జఠరికలు తమ స్థానంలోనే ఉంటాయి కాబట్టి రక్త ప్రసరణ సంపూర్ణ తారుమారులో ఉన్నట్టే ఉంటుంది. చివరి అక్షరాన్ని మాత్రమే చూసి దీనిని సరిదిద్దుకున్న రకంగా భావిస్తే అది ప్రాణాంతకమైన పొరపాటు.

ఈ కారణంగానే బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ ఆండర్సన్, ఆయన సహచరులు ధమని ఏ పక్కన ఉన్నదన్న దానికంటే ఏ గదికి ఏది కలిసి ఉన్నదన్న దానికి ప్రాధాన్యమిచ్చారు. కర్ణికకూ జఠరికకూ మధ్య పొంతన ఉందా? జఠరికకూ ధమనికీ మధ్య పొంతన ఉందా? మొదటి చోట పొంతన ఉండి రెండవ చోట లేకపోతే అది సంపూర్ణ తారుమారు. రెండు చోట్లా పొంతన లేకపోతే అది సరిదిద్దుకున్న తారుమారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులోనూ ఈ భేదం కనిపిస్తుంది. జఠరికకూ ధమనికీ పొంతన లేని స్థితికి క్యూ 20.3, కర్ణికకూ జఠరికకూ పొంతన లేని స్థితికి క్యూ 20.5 సంకేతాలను అందులో కేటాయించారు.

సరిహద్దులో నిలిచే గుండెలు కూడా ఉన్నాయి. రెండు మహాధమనులూ కుడి జఠరిక నుంచే బయలుదేరి, జఠరికల మధ్య రంధ్రం పుపుస ధమని కిందికి తెరుచుకునే లోపాన్ని హెలెన్ టాసిగ్, రిచర్డ్ బింగ్ 1949లో వివరించారు. సంకేతాల పట్టికలో ఇది వేరే పేరుతో, క్యూ 20.1 కింద నమోదవుతుంది. కానీ శిశువు శరీరంలో ఇది తారుమారు లాగానే ప్రవర్తిస్తుంది.

ఏ రకానికి ఎంత గడువు?

సంపూర్ణ తారుమారులో చికిత్సకు అన్నిటికంటే ఉపయోగపడేది మరో విభజన. జఠరికల మధ్య గోడ స్థితిని బట్టి వైద్యులు ఈ శిశువులను మూడు వర్గాలుగా చూస్తారు.

గోడలో రంధ్రం లేని వర్గం: సగానికి పైగా శిశువులు ఇందులోకే వస్తారు. రక్తం కలిసే మార్గాలు తక్కువ కాబట్టి మొదటి రోజుల్లోనే తీవ్రమైన నీలిరంగు కనిపిస్తుంది. దీనిలో మరో గడువు కూడా ఉంది. ఎడమ జఠరిక ఇక్కడ ఊపిరితిత్తులకే రక్తం పంపుతుంది. పుట్టిన తరువాత ఊపిరితిత్తుల్లో రక్తపీడనం రోజురోజుకూ తగ్గుతుంది. పని తగ్గిన కండరం పలచబడుతుంది. రెండు మూడు వారాలు దాటితే ఆ జఠరిక శరీరమంతటికీ రక్తం పంపే శక్తిని కోల్పోతూ వస్తుంది. అందువల్ల ఈ వర్గంలో శస్త్రచికిత్సను మొదటి మూడు వారాల్లోపు చేయడానికి ప్రయత్నిస్తారు.

గోడలో పెద్ద రంధ్రమున్న వర్గం: రక్తం బాగా కలుస్తుంది కాబట్టి నీలిరంగు తక్కువగా ఉంటుంది. ఇదే మోసం చేస్తుంది. కొన్ని వారాలు గడిచాక శిశువు పాలు తాగుతూ ఆయాసపడుతుంది, చెమటలు పడుతుంది, బరువు పెరగదు. ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇతర గుండె లోపాల్లో కంటే త్వరగా గట్టిపడతాయి. మొదటి మూడు నెలల్లోపు, వీలైతే అంతకంటే ముందే శస్త్రచికిత్స జరగాలి.

రంధ్రంతోపాటు పుపుస ధమని మార్గం ఇరుకైన వర్గం: ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తం పరిమితమవుతుంది కాబట్టి అవి త్వరగా దెబ్బతినవు. ఇరుకు ఎంత ఉందన్న దానిని బట్టి గడువు మారుతుంది. కొందరికి శైశవంలో తాత్కాలిక శస్త్రచికిత్స చేసి, పెద్దయ్యాక 1969లో రాస్టెల్లీ ప్రవేశపెట్టిన పద్ధతిలో గుండె లోపల కొత్త దారిని అమర్చుతారు.

శస్త్రచికిత్స నిపుణులు మరో అంశాన్నీ పరిశీలిస్తారు. గుండె కండరానికే రక్తం అందించే కరోనరీ ధమనులు ఎక్కడి నుంచి మొదలై ఎటు తిరుగుతున్నాయో ముందే గుర్తిస్తారు. శస్త్రచికిత్సలో అత్యంత సున్నితమైన ఘట్టం వీటిని కొత్త స్థానానికి మార్చడమే.

చికిత్స నడిచిన దారి

1950లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్, రోలిన్స్ హాన్లన్ కర్ణికల మధ్య గోడలో రంధ్రం చేసే శస్త్రచికిత్సను ప్రచురించారు. 1966లో విలియం రాష్‌కైండ్, విలియం మిల్లర్ ఛాతీని తెరవకుండా అదే పని చేసే మార్గాన్ని చూపారు. సిర ద్వారా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, దాని చివరనున్న బెలూన్‌ను ఎడమ కర్ణికలో ఉబ్బించి, కుడి వైపుకు లాగి రంధ్రాన్ని పెద్దది చేస్తారు. నాళం మూసుకుపోకుండా ఆపే ప్రోస్టాగ్లాండిన్ ఇ1 మందు 1970లలో అందుబాటులోకి వచ్చింది. శిశువును పెద్ద ఆసుపత్రికి చేర్చే వరకు నిలబెట్టేవి నేటికీ ఈ రెండే.

స్వీడన్‌కు చెందిన ఓకె సెన్నింగ్, కెనడాకు చెందిన విలియం మస్టర్డ్ రూపొందించిన తొలి శస్త్రచికిత్సలు ధమనులను ముట్టుకోలేదు. కర్ణికల స్థాయిలోనే రక్తాన్ని దారి మళ్ళించాయి. వేలాది పిల్లలు బతికారు కానీ కుడి జఠరిక మీద భారం అలాగే ఉండిపోయింది. బ్రెజిల్‌లోని సావో పాలోలో 1975లో అదీబ్ జతేనే ధమనులనే కోసి, వాటి సరైన స్థానాలకు మార్చి, కరోనరీ ధమనులను కూడా తరలించి విజయం సాధించారు. ధమనీ మార్పిడిగా పిలిచే ఈ పద్ధతే నేడు ప్రామాణిక చికిత్స.

లక్షణాలను గుర్తించడం

శ్యామల వర్ణపు శిశువులో చర్మం నీలిరంగును స్పష్టంగా చూపదు. నాలుక, చిగుళ్ళు, పెదవుల లోపలి భాగాన్ని వెలుతురులో చూడాలి. మొదటి రోజుల్లో చేతులు, పాదాలు మాత్రమే నీలంగా ఉండటం సాధారణమే. నాలుక నీలంగా ఉండటం మాత్రం సాధారణం కాదు. ఆక్సిజన్ పెట్టినా రంగు మారకపోతే లోపం ఊపిరితిత్తుల్లో కాక గుండెలో ఉండవచ్చని వైద్యులు అనుమానిస్తారు. స్టెతస్కోప్‌కు ఏ మర్మర శబ్దమూ వినిపించకపోయినా ఈ లోపం ఉండవచ్చు.

పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ చవకైన, విలువైన సాధనం. పుట్టిన 24 గంటల తరువాత కుడి చేతికి, ఒక పాదానికి దానిని అమర్చి రక్తంలో ఆక్సిజన్ శాతం చూస్తారు. ఎక్కడైనా 90 శాతం కంటే తక్కువ ఉంటే ఆలస్యం చేయకుండా పరీక్షకు పంపాలి. తుది నిర్ధారణ ఎకోకార్డియోగ్రఫీ ద్వారా జరుగుతుంది. ఎడమ జఠరిక నుంచి బయలుదేరిన ధమని కొద్ది దూరంలోనే రెండుగా చీలి ఊపిరితిత్తుల వైపు వెళితే అది పుపుస ధమని అని, తారుమారు జరిగిందని తేలుతుంది.

గర్భిణికి చేసే స్కానింగ్‌లో నాలుగు గదుల దృశ్యం సాధారణంగానే కనిపించవచ్చు. ధమనులు బయలుదేరే చోటును ప్రత్యేకంగా చూస్తేనే, ఒకదానినొకటి దాటవలసిన ధమనులు సమాంతరంగా సాగడం బయటపడుతుంది.

ఈ లోపానికి గ్రహణం, దిష్టి వంటివి కారణం కావు. ఎక్కువ మందిలో కుటుంబ చరిత్ర కూడా ఉండదు. గర్భానికి ముందు నుంచే తల్లికి మధుమేహం ఉంటే ప్రమాదం పెరుగుతుంది.

బస్తర్‌లో దూరం, కాలం

బస్తర్ డివిజన్‌లో బస్తర్, కాంకేర్, కోండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ అనే ఏడు జిల్లాలున్నాయి. డివిజన్ కేంద్రమైన జగదల్‌పూర్‌లో బలీరామ్ కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడి నుంచి కేశ్‌కాల్ ఘాట్ మీదుగా రాయ్‌పూర్‌కు జాతీయ రహదారిపై దాదాపు 300 కిలోమీటర్లు. నవా రాయ్‌పూర్‌లో 2012లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి పిల్లల గుండె చికిత్సను ఉచితంగా అందిస్తోంది. అడవి పల్లె నుంచి జగదల్‌పూర్ చేరే ప్రయాణాన్ని ఈ దూరానికి అదనంగా లెక్కించాలి.

శబరి ఒడ్డునున్న కుంట, గోదావరికి చేరువలోని భోపాలపట్నం ప్రాంతాల్లో తెలుగు, దొర్లా మాట్లాడే కుటుంబాలున్నాయి. వీరికి జగదల్‌పూర్ కంటే భద్రాచలం, వరంగల్ వైపు రాకపోకలు సహజం. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవారికి పథకంలో నమోదైన ఆసుపత్రి పొరుగు రాష్ట్రంలో ఉన్నా చికిత్స పొందే వీలుంది. తెలుగు రాష్ట్రాల్లో 1991 నుంచి పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ ఉచిత గుండె చికిత్సను అందిస్తోంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం పిల్లల కోసం నెలకొల్పిన శ్రీ పద్మావతి హృదయాలయం 2021 అక్టోబరులో ప్రారంభమైంది.

దూరం కంటే తక్కువగా చర్చకు వచ్చేది పరీక్షల కాలపట్టిక. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఛత్తీస్‌గఢ్‌లో ‘చిరాయు’ పేరుతో నడుస్తోంది. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు దీని జాబితాలో ఉన్నాయి. అయితే దీని సంచార బృందాలు అంగన్‌వాడీలలో, పాఠశాలల్లో పరీక్షించేది ఆరు వారాలు దాటిన పిల్లలను. జఠరికల గోడలో రంధ్రం లేని శిశువుకు శస్త్రచికిత్స గడువు అప్పటికే దాటిపోతుంది. చాలామంది ఆ వయసుకు చేరరు కూడా. ఆలస్యంగా చేరిన శిశువుకు ముందుగా ఒక శస్త్రచికిత్సతో ఎడమ జఠరికను బలపరిచి, తరువాత ధమనీ మార్పిడి చేయడమో, సెన్నింగ్ పద్ధతిని ఆశ్రయించడమో మిగిలిన మార్గాలు. రెండింటిలోనూ కష్టం ఎక్కువ.

కాబట్టి ఈ లోపాన్ని పట్టుకోవలసింది ఆ ఆరు వారాల లోపలే. ప్రసవం జరిగిన ఆసుపత్రిలో నర్సు, ఇంటి వద్ద మితానిన్ దీనికి కీలకం. జాతీయ స్థాయిలో ఆశా వ్యవస్థ రాకముందే, 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ కార్యక్రమం మొదలైంది. ఆసుపత్రిలో పుట్టిన శిశువును ఇంటి వద్ద 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో సందర్శించాలన్నది నియమం. ఇంటి ప్రసవమైతే మొదటి రోజు కూడా చూడాలి. ఈ సందర్శనల్లో మొదటి రెండే టీజీఏ శిశువుకు అత్యంత విలువైనవి. నాలుక రంగు, పాలు తాగే తీరు, ఊపిరి వేగం గమనించడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. అనుమానం వస్తే 108కి గానీ, శిశువుల కోసం కూడా నడిచే 102 మహతారీ ఎక్స్‌ప్రెస్‌కు గానీ కబురు చేయవచ్చు. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జబ్బుపడిన శిశువుకు చికిత్స, రవాణా ఉచితం.

ప్రయాణానికీ సన్నాహం కావాలి. ప్రోస్టాగ్లాండిన్ మందును 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. ఈ మందు కొందరు శిశువుల్లో ఊపిరిని ఆపేస్తుంది కాబట్టి కృత్రిమ శ్వాస అందించగల సిబ్బంది వాహనంలో తోడుండాలి. శిశువు చల్లబడకుండా, రక్తంలో చక్కెర పడిపోకుండా చూడాలి.

చీటీలో ఏం రాయించుకోవాలి?

‘పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు’ అని మాత్రమే రాసిన రిఫరల్ చీటీ తరువాతి ఆసుపత్రికి పెద్దగా ఉపయోగపడదు. సంపూర్ణ తారుమారా, సరిదిద్దుకున్నదా, జఠరికల గోడలో రంధ్రం ఉందా, పుపుస ధమని ఇరుకైందా, శిశువు వయసు ఎన్ని రోజులు, ఆక్సిజన్ శాతం ఎంత, ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారు అన్న వివరాలు అందులో ఉంటే, శిశువు దారిలో ఉండగానే అవతలి ఆసుపత్రి బెలూన్ చికిత్సకో శస్త్రచికిత్సకో సిద్ధం కాగలదు. ఎకో జరగని చోట కనీసం వయసు, ఆక్సిజన్ శాతం, అనుమానం రాయాలి. ఈ వివరాలను ముందుగా ఫోన్‌లో తెలియజేయడం మరీ మంచిది.

శస్త్రచికిత్స తరువాత కూడా ఆ కాగితాలను భద్రపరచాలి. ధమనీ మార్పిడి జరిగిన పిల్లలు బడికి వెళ్ళి, ఆడుకుని, ఇతర పిల్లల్లాగే ఎదుగుతారు. అయినా పుపుస ధమని అతికిన చోట ఇరుకు ఏర్పడుతుందా, బృహద్ధమని మొదలు విస్తరిస్తోందా, కరోనరీ ధమనుల్లో రక్తం సాఫీగా పారుతోందా అన్నది జీవితాంతం పరీక్షించుకోవాలి. ఇరవై ఏళ్ళ తరువాత మరో ఊరిలో మరో వైద్యుడు చూసినప్పుడు, శైశవంలో తన గుండె ఏ రకానికి చెందినదో, దానికి ఏం చేశారో ఆ వ్యక్తి చెప్పగలగాలి.